కొత్త ఫోన్ల కీనోట్లు: మా కొట్లో పదేపదే అడిగే ప్రశ్నలు

కందుకూరు బస్టాండు దగ్గర నాది సెల్‌ఫోన్ల కొట్టు. అమ్మకం, రిపేరు రెండూ చేస్తాను. 2022లో మమ్మల్ని ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరులో కలిపారు. జిల్లా మారింది గానీ కౌంటర్ ముందు నిలబడి అడిగే ప్రశ్నలు మారలేదు. ఆగస్టు నెలాఖరుకు మొదలై దసరా దాకా నడుస్తాయి. ఒకే జవాబు రోజుకు ఇరవైసార్లు చెప్పి గొంతు పోయింది, అందుకే రాసి పెట్టేశాను. ప్రశ్నలు మీరు అడిగినట్టే ఉంచాను. ఎవరికి ఏది కావాలంటే అది చదువుకోండి, వరస అక్కర్లేదు.

## చూడకముందు

కీనోట్ అంటే ఏందన్నా? ప్రెస్‌మీట్ లాంటిదేనా?

కాదు. ప్రెస్‌మీట్‌లో విలేకరులు అడుగుతారు, ఎదుటివాళ్లు చెప్పుకోవాలి. కీనోట్‌లో అడిగేవాళ్లే ఉండరు. కంపెనీ పెద్దలు వేదికెక్కి, వెనక ఇల్లంత తెర పెట్టుకుని, గంటా గంటన్నర వాళ్లు చెప్పదలచుకున్నదే చెప్పి దిగిపోతారు. కచేరీకి ముందు శ్రుతి పెట్టినట్టు, సభ మొత్తం దేని గురించో మొదట్లోనే తెలిపే ప్రసంగాన్ని కీనోట్ అనేవాళ్లు. రానురాను సభ పోయి ప్రసంగమే మిగిలింది. నేను కౌంటర్ వెనక నిలబడి చేసేదే వాళ్లు పెద్ద లైట్ల కింద చేస్తారు, అంతకన్నా ఏం లేదు.

లాంచ్ అంటే మనకు శ్రీహరికోటే గదా. ఫోన్ లాంచికీ దానికీ తేడా ఏంది?

చాలా ఉంది. రాకెట్ లాంచ్ అంటే వస్తువు నేల విడిచి పోయినట్టు. ఫోన్ లాంచ్ అంటే వస్తువు గురించి మాట మొదలైనట్టు, అంతే. అప్పటి యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ మొదటి ఐఫోన్‌ను చూపించింది 2007 జనవరి 9న, శాన్ ఫ్రాన్సిస్కోలో. అమెరికా కొట్లలోకి వచ్చింది జూన్ 29న. మన దేశానికైతే ఆ మోడల్ అధికారికంగా రానేలేదు. తర్వాతది, 3జీ మోడల్, 2008 ఆగస్టులో వచ్చింది. ఇంకో తేడా కూడా ఉంది. రాకెట్ కౌంట్‌డౌన్ ఆగిపోతే నెల్లూరు మేడల మీద నిలబడ్డ జనం అందరికీ తెలిసిపోతుంది. ఫోన్ పని ఆగిపోతే ఆ సంగతి కొన్నిసార్లు ఏడాదికి గానీ బయటికి రాదు.

మన టైము ప్రకారం ఎన్నింటికి వస్తుంది?

యాపిల్ సెప్టెంబరు కార్యక్రమం కాలిఫోర్నియాలో పొద్దున పదింటికి పెడతారు. మనకు అది రాత్రి 10:30. నవంబరు నుంచి మార్చి దాకా వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి అప్పుడు పెడితే 11:30 అవుతుంది. శాంసంగ్ వేదికలు ఒక్కోసారి ఒక్కో దేశంలో ఉంటాయి, వాటి టైము ఆ వారమే చూసుకోవాలి. అన్నీ యూట్యూబ్‌లో ఉచితమే.

నాకు ఇంగ్లీషు అంతగా రాదు. చూసి ఏం లాభం?

తెలుగు యూట్యూబర్లు మర్నాటికల్లా పదిహేను నిమిషాల్లో తేల్చి చెప్పేస్తారు. నేరుగానే చూడాలంటే యూట్యూబ్‌లో క్యాప్షన్లు ఆన్ చేసి, ఆటో ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఎంచుకోండి. ఫోన్ల పేర్లను కూడా తెలుగులోకి మార్చేసి నవ్విస్తుంది గానీ అంకెలు అర్థమవుతాయి. అయినా ఇంగ్లీషు గురించి సిగ్గెందుకు? షావోమీ వ్యవస్థాపకుడు లేయ్ జున్ 2015లో ఢిల్లీ వేదిక మీద వచ్చీరాని ఇంగ్లీషులో 'ఆర్ యూ ఓకే?' అని అడిగాడు. చైనా కుర్రాళ్లు దాన్ని పాట కట్టి ఊరంతా తిప్పారు. ఆయన వ్యాపారం ఏమీ ఆగలేదు.

లీకులు ముందే వస్తాయి గదా. వాటిని నమ్మొచ్చా?

రంగు, కెమెరాల సంఖ్య, సుమారు సైజు వరకు చాలాసార్లు నిజమే అవుతాయి. ఫ్యాక్టరీల నుంచి, కవర్లు చేసేవాళ్ల నుంచి బయటికి వస్తాయి కాబట్టి. ధర, తేదీ మాత్రం నమ్మొద్దు.

నా సంగతి చెప్తాను. ఓసారి లీకు ఫొటోలు చూసి, ఓ మోడల్ రాకముందే రెండొందల బ్యాక్ కవర్లు తెప్పించాను. మొదటి రోజే అందరికన్నా ముందు నేనే అమ్మాలని ఆశ. ఫోన్ వచ్చింది. కవరు తొడిగితే నాలుగు వైపులా చక్కగా పట్టింది. వెనక కెమెరా కన్నం మాత్రం రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. ఫొటో తీస్తే ఓ మూల నల్లటి చంద్రవంక పడుతోంది. బ్లేడు పెట్టి కోసి చూశాను, అంచు ఎలుక కొరికినట్టు వచ్చింది. పంపినవాడు ఫోనెత్తలేదు. ఆ అట్టపెట్టె ఇప్పటికీ కౌంటర్ కిందే ఉంది, దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటాను.

ఈ తంతు అంతా జాబ్స్‌తోనే మొదలైందా?

కాదు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజినీరు తొంభై నిమిషాల పాటు మౌస్, తెర మీద రాత దిద్దుకోవడం, దూరంగా ఉన్న మనిషితో వీడియోలో మాట్లాడుతూ పని చేయడం అన్నీ ఒకే విడతలో చూపించాడు. అమ్మడానికి ఆయన దగ్గర వస్తువేమీ లేదు, అదీ దాని గొప్ప. దాన్ని అంగడి వేడుకగా మార్చినవాళ్లలో మాత్రం జాబ్స్ ముందుంటాడు. 1984 జనవరి 24న సంచిలోంచి మెకింతోష్ కంప్యూటర్ తీసి బల్ల మీద పెట్టి, దానిచేతే దాని పరిచయం చెప్పించాడు.

మన రాష్ట్రంలో ఎప్పుడైనా జరిగిందా?

జరిగింది. 2015 ఆగస్టులో షావోమీ తన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది. ధర రూ.6,999. అది తయారైంది మనకు దగ్గర్లోనే, తడ పక్కనున్న శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. ఆ పెట్టె మీద ఆంధ్రప్రదేశ్ అని చదివి తిప్పి తిప్పి చూసినవాళ్లను నేను ఎరుగుదును.

## చూస్తున్నప్పుడు

ఇది లైవా, ముందే తీసిపెట్టిందా?

2020 నుంచి యాపిల్ ప్రధాన కార్యక్రమాలు ముందే తీసిన వీడియోలు. కోవిడ్‌లో జనం లేక మొదలుపెట్టారు, పద్ధతి నచ్చి ఉంచేసుకున్నారు. ఇప్పుడు అతిథుల్ని పిలిచినా వాళ్లక్కూడా తెర మీద అదే వీడియో వేస్తారు. శాంసంగ్, గూగుల్ ఎక్కువగా వేదిక మీదే నడుపుతాయి. నాకైతే వేదికే ఇష్టం. వీడియోలో మనిషి చెయ్యి వణకదు.

స్టేజి మీద పని చేయకపోతే ఏమవుతుంది? ఎప్పుడైనా అట్టా జరిగిందా?

బోలెడన్ని. కీనోట్లలో నాకు బాగా నచ్చేవి అవే.

1998 ఏప్రిల్‌లో బిల్ గేట్స్ పక్కనుండగా విండోస్ 98 చూపిస్తూ స్కానర్ తగిలించారు. వెంటనే తెరంతా నీలం. గేట్స్ నవ్వి, అందుకే కాబోలు ఇంకా అమ్మకానికి పెట్టలేదు అన్నట్టు ఓ మాటనేసి గట్టెక్కాడు. రెండు నెలలకు అమ్మకానికి పెట్టారు కూడా.

2010 జూన్‌లో ఐఫోన్ 4 చూపిస్తుంటే జాబ్స్ చేతిలో వెబ్ పేజీ తెరుచుకోలేదు. హాల్లో జనం తలొక పరికరం పెట్టుకుని 570 వైఫై కేంద్రాలు నడుపుతున్నారని లెక్క తేలింది. అవన్నీ ఆపేసి ల్యాప్‌టాప్‌లు కింద పెట్టమని, పక్కనున్నవాళ్లను కూడా గమనించమని జాబ్స్ అడిగాడు. పెళ్లి భోజనాల్లో బంతి మధ్యలో సాంబారు అయిపోతే పెళ్లికూతురి తండ్రి నిలబడ్డట్టు ఉంటుంది ఆ దృశ్యం.

2017లో ఐఫోన్ టెన్ ముఖం చూసి తెరుచుకుంటుందని యాపిల్ సాఫ్ట్‌వేర్ పెద్ద క్రెయిగ్ ఫెడరిగీ ఫోనెత్తాడు. పాస్‌కోడ్ అడిగింది. బల్ల మీద రెండో ఫోన్ ఉంది కాబట్టి బతికిపోయాడు. అంతకుముందు వేదిక వెనక వేరేవాళ్లు దాన్ని చేత్తో పట్టుకుని చూశారని, వాళ్ల ముఖాలు సరిపోలక కోడ్ అడిగిందని కంపెనీ తర్వాత వివరించింది.

2019 నవంబరులో టెస్లా ట్రక్కు అద్దం పగలదని చూపించడానికి లోహపు గుండు విసిరారు. అద్దం నెర్రెలిచ్చింది. రెండో అద్దానికీ అదే గతి. మిగిలిన ప్రసంగమంతా ఇలాన్ మస్క్ ఆ పగిలిన అద్దాల ముందే నిలబడి చెప్పాడు.

అంతమంది అన్నిసార్లు చప్పట్లు కొడతారేంది?

ముందు వరసల్లో కంపెనీ ఉద్యోగులూ ఉంటారు, అందుకు. ఐనా జనం జనమే. 2019 జూన్‌లో యాపిల్ 4,999 డాలర్ల మానిటర్ చూపించింది, చప్పట్లు పడ్డాయి. దాని స్టాండు విడిగా 999 డాలర్లు అనేసరికి హాలంతా గుసగుసలు. చెబుతున్నాయన మాట ఒక్క క్షణం తడబడింది. ఆ ముక్క వెతికి చూడండి, రెండు నిమిషాలు కూడా ఉండదు.

ధర ముందే చెప్పొచ్చు గదా, చివరిదాకా ఎందుకు ఈడ్చడం?

చీరల కొట్లో ముందు పద్దెనిమిది వేల పట్టు విప్పి చూపించి, మీరు ఊఁ ఆఁ అనేలోపు ఎనిమిది వేలది పరుస్తారే, అదే కిటుకు. 2010 జనవరిలో ఐప్యాడ్ చూపించినప్పుడు తెర మీద 999 డాలర్లు అని పెద్దక్షరాలు వేసి, చాలాసేపు అలాగే ఉంచి, దాన్ని పగలగొట్టుకుంటూ 499 పడేలా చేశారు. నిజానికి 999 అన్నది ఎవరో ఊహించిన ధర. అది కళ్లలో నిలిచింది కాబట్టి 499 చవగ్గా కనిపించింది. వేదిక మీద ఓ ధర కొట్టేసి ఇంకో ధర వేస్తే, ఆ కొట్టేసిన అంకెను లెక్కలోకి తీసుకోకండి.

"40 శాతం స్పీడు" అంటారు. దేనికన్నా స్పీడు?

మంచి ప్రశ్న, ఎక్కువమంది అడగరు. తెర అడుగున చీమల బారులాంటి అక్షరాలుంటాయి, జవాబు అక్కడుంటుంది. వీడియో ఆపి చదవండి. పోలిక నిరుటి మోడల్‌తోనా, నాలుగేళ్ల కిందటి దానితోనా చూడండి. రెండోది, 'దాకా' అన్న మాట. నలభై శాతం దాకా అంటే ఏదో ఒక్క పనిలో నలభై, మిగతావాటిలో పది కావచ్చు. మూడోది, అంకెల్లేని గ్రాఫులు. గీత పైకి పోతుంటుంది, పక్కన కొలత ఉండదు. అలాంటి గ్రాఫు మా మేనల్లుడు పరీక్షలో గీస్తే మార్కులు పడవు.

ఆ ఫొటోలు నిజంగా ఆ ఫోన్‌తోనే తీశారా?

ఇప్పుడు పెద్ద కంపెనీలు తీసే చూపిస్తున్నాయి, ఎందుకంటే ఒకసారి ఘోరంగా దొరికిపోయారు. 2012 సెప్టెంబరులో నోకియా లూమియా 920 వచ్చింది. వీడియో కదలకుండా తీస్తుందని చూపించడానికి సైకిల్ తొక్కే అమ్మాయి దృశ్యం వేశారు. ఆమె వెనక ఓ కిటికీ అద్దం దాటిపోతుంది. ఆ అద్దంలో తెల్లటి బండి, బండిలో పెద్ద కెమెరా పట్టుకున్న మనిషి కనిపించారు. వీడియో ఆపి చూసినవాళ్లు పట్టేశారు, కంపెనీ క్షమాపణ చెప్పుకుంది.

ఫోన్‌తోనే తీశామన్నా, దాని చుట్టూ ఏమున్నాయన్నది వేరే సంగతి. 2023 అక్టోబరులో యాపిల్ తన కార్యక్రమం మొత్తం ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌తో తీశామంది. నిజమే. క్రేన్లు, డ్రోన్లు, సినిమా లైట్లు కూడా వాడారు. ఎలా తీశారో వాళ్లే వీడియో పెట్టారు. మన పొగాకు వేలంలో బయ్యరు బేలు పైనున్న ఆకు చూసి ధర కట్టడు, చెయ్యి పెట్టి మధ్యలోంచి లాగి చూస్తాడు. మీరూ కొట్టుకొచ్చి, రాత్రిపూట రోడ్డు లైటు కింద నాలుగు ఫొటోలు తీసి చూసుకోండి. నేనేమీ అనను.

## అయిపోయిన మర్నాడు

రాత్రి చూపించారు గదా, పొద్దున్నే దొరకదా?

దొరకదు. 2025లో ఐఫోన్ 17 చూపించింది సెప్టెంబరు 9న, ప్రీ ఆర్డర్లు 12న, అమ్మకం 19న. అది త్వరగా వచ్చినట్టే లెక్క. 2017లో ఐఫోన్ టెన్ కోసం సెప్టెంబరు 12 నుంచి నవంబరు 3 దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి వారం సరుకు పెద్ద ఊళ్లకు పోతుంది. కందుకూరు లాంటి చోటికి మీరడిగిన రంగు, మీరడిగిన స్టోరేజి వచ్చేసరికి ఇంకొన్నాళ్లు పడుతుంది.

799 డాలర్లంటే డెబ్బై వేలు గదా. మన దగ్గర ఎనభై మూడు వేలేంది?

వాళ్ల ధరలో పన్ను ఉండదు, మన ధరలో ఉంటుంది. ఐఫోన్ 17 లెక్కే వేద్దాం. డాలర్ 88 రూపాయలనుకుంటే 799 డాలర్లు రూ.70,312. ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం, అది కలిపితే రూ.82,968. ఇక్కడ పెట్టిన ధర రూ.82,900. అంటే అక్కడికక్కడికి సరిపోయింది.

ప్రో మోడల్‌కు మాత్రం ఈ లెక్క తప్పుతుంది. 1,099 డాలర్లకు ఇదే పద్ధతిలో వేస్తే రూ.1,14,000 చిల్లర రావాలి, పెట్టింది రూ.1,34,900. ఆ పై ఇరవై వేలకు లెక్క నన్నడిగితే నేనేం చెప్పను? 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గింది గదా అని కూడా కొందరు అడుగుతున్నారు. పెద్ద టీవీలకు, ఏసీలకు తగ్గింది. ఫోన్లకు 18 అలాగే ఉంది.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, వస్తూ తెస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, రెండు చూసుకుంటే. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే అర ఉండదు, అంతా ఈసిమ్, అంటే విడిగా ముక్క లేకుండా ఫోన్‌లోకే ఎక్కించే సిమ్. మన కంపెనీలు ఈసిమ్ ఇస్తాయి, పని నడుస్తుంది. అయితే ఫోన్ పాడైనప్పుడు సిమ్ తీసి పాత నోకియాలో వేసుకునే సౌకర్యం పోతుంది. పెద్దాయనకు ఇచ్చే ఫోన్ అయితే ఆలోచించండి. రెండోది, అక్కడి సిమ్ కంపెనీ దగ్గర వాయిదాల్లో కొంటే అది లాక్ అయి ఉంటుంది, ఇక్కడి సిమ్ తీసుకోదు. 'అన్‌లాక్డ్' అని బిల్లు మీద ఉందో లేదో చూసి కొనమనండి. మొన్న ఒకామె కొడుకు తెచ్చిన ఫోన్ నా బల్ల మీద పెట్టి, సిమ్ ఎక్కడ దూర్చాలో చూపించు నాయనా అంది. నలువైపులా తిప్పి చూపించాను, ఎక్కడా కన్నం లేదు.

కొత్తది వచ్చింది గదా, పాతదాని రేటు తగ్గుద్దా?

తగ్గుతుంది. ఐఫోన్ 17 వచ్చిన రోజు ఐఫోన్ 16 రూ.79,900 నుంచి రూ.69,900కు దిగింది. ఆ తర్వాత దసరా ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇంకా దిగుతుంది. కాబట్టి ఆగస్టులో మా కొట్టుకొచ్చి ఖరీదైన ఐఫోన్ అడిగితే, నా నష్టానికైనా సరే, నెల ఆగమంటాను. పదిహేను వేల లోపు ఫోన్‌కు ఇంత ఆలోచన అక్కర్లేదు, అవసరమైనప్పుడు కొనుక్కోండి.

స్టేజి మీద చూపించినవన్నీ ఫోన్‌లో ఉంటాయా?

ఉండవు. 2017 సెప్టెంబరులో యాపిల్ ఎయిర్‌పవర్ అనే ఛార్జింగ్ పలక చూపించింది. మూడు పరికరాలు ఒకేసారి పెట్టొచ్చంది. 2019 మార్చిలో, చేయలేకపోయామని చెప్పి మానేసింది. 2024 జూన్‌లో ఐఫోన్‌లో మాటకు జవాబిచ్చే సిరి మీ సొంత మెయిళ్లు, మెసేజ్‌లు చూసి జవాబు చెప్తుందని చూపించారు, ఆ మాట మీదే ఐఫోన్ 16 అమ్మారు. 2025 మార్చిలో ఆలస్యమవుతుందన్నారు. గూగుల్ 2023 డిసెంబరులో తన ఏఐ జెమిని వీడియో పెట్టింది, ఎదుటి మనిషి చేసేది చూస్తూ టకటకా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అసలు నిశ్చల చిత్రాలు, రాసిన ప్రశ్నలు ఇచ్చి జవాబులు రాబట్టారని తర్వాత తేలింది.

'ఈ ఏడాది చివర్లో', 'త్వరలో', 'కొన్ని దేశాల్లో' అన్న మాట వినపడితే ఆ ఫీచర్ లేదనుకునే ధర కట్టండి. వస్తే లాభం.

ఫ్రీ అన్నారు, తీరా చూస్తే డబ్బులు అడుగుతున్నారు. ఇదేం మోసం?

సగం వేదిక మాటల గారడీ, సగం మన వినికిడి. 2017 జులైలో ముకేశ్ అంబానీ జియోఫోన్ ప్రకటించినప్పుడు ఊళ్లలో అందరూ ఫ్రీ ఫోన్ అనే విన్నారు. చెప్పింది రూ.1,500 డిపాజిట్, మూడేళ్ల తర్వాత ఫోన్ తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి. ఫ్రీ అనే మాటకు, లెక్క చూస్తే ఫ్రీ అనే మాటకు మధ్య మూడేళ్లుంది.

అసలు మోసం వేరేగా ఉంటుంది. 2016 ఫిబ్రవరిలో ఢిల్లీలో రింగింగ్ బెల్స్ అనే సంస్థ రూ.251 స్మార్ట్‌ఫోన్ అంది. అక్కడ చూపించిన ఫోన్ల మీద ఇంకో కంపెనీ పేరును వైట్‌నర్‌తో పూసేశారని పత్రికలవాళ్లు బయటపెట్టారు. అంత ధరకు లోపలి బ్యాటరీ కూడా రాదు.

చెప్పింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి. ఎవర్ని అడగాలి?

వేదిక మీద మాట కన్నా పెట్టె మీద ముద్ర, బిల్లు, కంపెనీ ప్రకటన గట్టి సాక్ష్యాలు. అవి దాచుకోండి. ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. తేలకపోతే నెల్లూరులోనో ఒంగోలులోనో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. నామీదైనా సరే వేయండి, బిల్లు మాత్రం అడిగి తీసుకోండి.

## మిగతావి

కీనోట్‌కి ముందు షేర్లు కొంటే లాభమా?

నాకు షేర్లు తెలియవు. ఒక్క సంగతి తెలుసు. 2023 ఫిబ్రవరిలో గూగుల్ ఏఐ చాట్‌బాట్ బార్డ్ ప్రకటనలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు గురించి ఒక్క తప్పు దొర్లితే, అది బయటపడ్డ రోజే గూగుల్ మాతృసంస్థ విలువ సుమారు పదివేల కోట్ల డాలర్లు కరిగింది.

మా కాలేజీలో ప్రాజెక్ట్ డెమో ఉంది, టెన్షన్‌గా ఉంది. వీటిని చూసి ఏం నేర్చుకోవచ్చు?

ఒంగోలు నుంచి, కావలి నుంచి వచ్చే బీటెక్ పిల్లలు అడిగేది ఇదే. రెండో పరికరం బల్ల మీద ఉంచుకోండి, ఫెడరిగీని కాపాడింది అదే. కాలేజీ వైఫైని నమ్మకుండా సొంత హాట్‌స్పాట్ పెట్టుకోండి. పని చేస్తున్నప్పుడు వీడియో తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, డెమో కదలకపోతే అది వేసి, ఇది ముందే తీసిందని చెప్పేయండి. చెప్పకుండా వేస్తే మాస్టారు ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు. జాబ్స్‌లా నల్ల టీషర్టు వేసుకోనక్కర్లేదు.

ఈసారి కూడా కొట్లో తెర పెడతావా అన్నా?

పెడతాను. రాత్రి 10:30కు, షట్టర్ సగం దించి. కుర్చీలు పన్నెండే ఉన్నాయి, తర్వాత వచ్చినవాళ్లు అట్టపెట్టెల మీద సర్దుకోవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ గంటన్నర లాగుతుంది, మొన్ననే బ్యాటరీ మార్చాను. ఆ టైముకు టీకొట్టు కట్టేస్తారు, ఎవరి ఫ్లాస్కు వాళ్లు తెచ్చుకోండి. అడ్వాన్సులు మాత్రం ఆ రాత్రి తీసుకోను, ఎంత బతిమాలినా సరే. మర్నాడు పదింటికి రండి.